పురాణాలన్నీ ఒకే కథ కాదు

"ప్రపంచంలోని పురాణాలన్నీ నిజానికి ఒకే కథ. హీరో ఇల్లు వదిలి సాహసానికి వెళ్లి తిరిగొచ్చే 'హీరో ప్రయాణం'లోని 12 మెట్లూ వరసగా పెట్టి, గురువు, నీడ, మాయావి లాంటి, కథల్లో మళ్లీ మళ్లీ కనిపించే మూలరూపాలైన ఆర్కిటైప్‌లను అందులో దింపితే ఫాంటసీ నవల తయారైపోతుంది." కొత్తగా రాస్తున్నవాళ్లకు అందరూ ఇస్తున్న సలహా ఇది. ఇందులో ప్రతి ముక్కతోనూ నాకు పేచీ ఉంది.

ఆ 12 మెట్లు ఏ పురాణంలోనూ లేవు. పురాణాలను పరిశోధించిన అమెరికన్ రచయిత జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో చెప్పినవి 17 దశలు. హాలీవుడ్‌లో స్క్రిప్టులు చదివే ఉద్యోగం చేసిన క్రిస్టఫర్ వోగ్లర్ 1980లలో వాటిని సినిమా కథల కోసం 12కి కుదించాడు. పనికొచ్చే కొలబద్దే, కాదనను. దానికి పురాణాల వయసు అంటగట్టడమే తప్పు.

ఇక "ఒకే కథ" అన్న మాట. మహాభారతంలోని సావిత్రిని చూడండి. సత్యవంతుడు ఏడాదిలో చనిపోతాడని నారదుడు ముందే చెప్పినా అతన్నే పెళ్లాడింది. ఆ 12లో ఒక మెట్టు "పిలుపును కాదనడం", అంటే సాహసానికి రమ్మంటే హీరో మొదట వెనకాడటం. ఆమె కథలో దానికి చోటెక్కడ? కత్తి లేదు, వెంట సైన్యం లేదు. యముడి వెనకాల నడుస్తూ మాట్లాడుతూనే ఉంది. భర్త ప్రాణం తప్ప ఏదైనా కోరుకోమంటే మామగారికి చూపు, రాజ్యం, తండ్రికి కొడుకులు అడిగింది. చివరికి తనకు సత్యవంతుడి వల్ల వందమంది కొడుకులు కావాలంది. యముడు సరేనన్నాక ఇక ప్రాణం ఇవ్వక తప్పలేదు. ఈ కథ బలమంతా ఆ వరాల వరసలో ఉంది. దీన్ని "అంతిమ పరీక్ష" అనే గడిలో పడేస్తే మిగిలేది గడి ఒక్కటే.

ప్రాచీన మెసొపొటేమియా ఇతిహాసంలోని రాజు గిల్గమెష్‌దీ అంతే. ఎంతో కష్టపడి సాధించిన యవ్వనపు మొక్కను వదిలి స్నానానికి దిగితే పాము ఎత్తుకుపోయింది. "అమృతంతో తిరిగి రావడం" అనే చివరి మెట్టు అతనికి దక్కలేదు.

మూడోది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, ఆర్కిటైప్ అంటే రెడీమేడ్ పాత్ర అనుకోవడం. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చిన స్విస్ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ చెప్పింది వేరు. ఆర్కిటైప్‌కు రూపరేఖే తప్ప సొంత విషయం ఉండదన్నాడు. కథలో మనకు కనిపించేది దాని ఒకానొక బొమ్మ మాత్రమే. గడ్డం, చేతికర్ర ఉన్న ముసలాయన అలాంటి ఒక బొమ్మ. దాన్ని కాపీ కొడితే వేరే రచయిత గురువు మన నవలలోకి వస్తాడు. పరశురాముడు కర్ణుడికి అస్త్రం నేర్పాడు, అవసరమైన వేళ అది గుర్తురాకూడదని శపించిందీ ఆయనే. ఇచ్చిన చేత్తోనే లాగేసుకున్న ఆ గురువును "సహాయకుడు" అనే లేబుల్ కింద ఎలా ఇరికిస్తాం?

తెలిసిన మూస లేకపోతే పాఠకుడు కనెక్ట్ కాడన్న భయమూ అక్కర్లేదు. సావిత్రి తరవాత ఏం అడుగుతుందోనన్న టెన్షన్‌కు ఏ మెట్ల పట్టికా అవసరం కాలేదు.

పురాణాన్ని ఆధారంగా తీసుకునేటప్పుడు పట్టికలో ఇమడని చోటు దగ్గర ఆగండి. గిల్గమెష్ ఆ మొక్కను గట్టున ఎందుకు వదిలేశాడు? దాన్ని ఎత్తుకుపోతూ పాము కుబుసం ఎందుకు విడిచింది? నేనైతే నవల అక్కడ మొదలుపెడతాను.