పల్లం రాగానే కాళ్లాపేసే ముందువాళ్లు

గుంపుగా సైకిలు తొక్కేటప్పుడు, ఎత్తంతా రొప్పుతూ లాగిన మనిషి, పల్లం మొదలవగానే పెడల్ ఆపేసి దర్జాగా కూర్చుంటాడు. గుంపుకి ముందున్నది తనేనన్న ధ్యాసే ఉండదు! ఎదురుగాలి మొత్తం అతని ఛాతీకే తగులుతుంది, వెనకవాళ్లకి అతని చాటు దొరుకుతుంది. అందుకే అతను తొక్కడం ఆపితే, వెనకవాళ్లు కూడా ఆపేసినా సరే, అతని మీదికే దూసుకొస్తారు. రెండోవాడు బ్రేకు తాకితే మూడోవాడు నొక్కుతాడు, ఆరోవాడు పిండేస్తాడు. ఈలోగా ఒకడి ముందుచక్రం ముందువాడి వెనకచక్రం పక్కకి చేరిందా, కాస్త రాసుకున్నా పడేది వెనకవాడే.

రేసు పెట్టమని ఎవరడిగారు మహాప్రభో? గేరు పెంచి తేలిగ్గా తొక్కుతూ ఉంటే చాలు. 50-11 గేరులో (ముందు పళ్లచక్రానికి 50 పళ్లు, వెనకదానికి 11) పెడల్ నిమిషానికి 90 సార్లు తిప్పితే గంటకి 50 కిలోమీటర్లు దాటుతుంది. అంతకు మించితే ఎలాగూ కాళ్లకి పట్టు దొరకదు, అప్పుడు వంగి కూర్చో, ఎవరూ ఏమీ అనరు. ఓపిక లేదా, చెయ్యి చూపించి పక్కకి తప్పుకో.

వెనకవాళ్లూ తక్కువేం కాదు. చదునులో అరమీటరు ఎడం సరే, పల్లంలో కనీసం రెండు మూడు సైకిళ్ల పొడవు వదలాలి. మీదికి వెళ్లిపోతుంటే ముందు నడుం నిటారుగా లేపి గాలికి అడ్డం పెట్టాలి. బ్రేకు ఆ తర్వాతే, అదీ సుతారంగా.