నోల్ మీద పద్మపాణి తీసుకున్న రెండు నిర్ణయాలు

జులై 26, కార్గిల్ విజయ్ దివస్ వచ్చిందంటే సోషల్ మీడియా నిండా కార్గిల్ ఫోటోలే. కింద రాసేది మాత్రం ఎవరి గురించైనా ఒకటే: తూటాలకు గుండె చూపించాడు. మేజర్ పద్మపాణి ఆచార్యకూ అదే క్యాప్షన్. ఒడిశా మూలాలున్న హైదరాబాదీ, ఉస్మానియాలో చదివాడు. తెగువ సంగతి సరే, ఆ రాత్రి ఆయన బుర్ర ఎలా పనిచేసిందో ఎవరూ పట్టించుకోరు.

1999 జూన్ 28, కార్గిల్ యుద్ధం. ద్రాస్ ప్రాంతంలో నోల్ అనే గుట్ట. పౌర్ణమి వెన్నెల, కింద ఎవరు కదిలినా పై బంకర్లకు కనిపిస్తారు. దారిలో మందుపాతరలు. పదిహేను రోజుల కిందటే తోలోలింగ్ శిఖరం గెలిచిన 2 రాజ్‌పుతానా రైఫిల్స్ బెటాలియన్‌కే దీన్ని పట్టే పనీ పడింది. ఆ బెటాలియన్‌లో ఆచార్య నడిపే దళం, అంటే ఆయన కంపెనీ, దాడి మొదలవుతూనే తడబడింది. పాక్ ఫిరంగి గుండ్లు సరిగ్గా ముందు నడుస్తున్న ప్లటూన్ (కంపెనీలో ఒక చిన్న జట్టు) మీదే పడ్డాయి.

కంపెనీ కమాండర్‌కు రిజర్వ్ ప్లటూన్, అంటే అవసరానికని వెనక ఉంచుకున్న జట్టు, కొంగున ముడేసుకున్న చివరి నోటు. తీస్తే మళ్లీ ఉండదు. అలాగని ఆ బండల మధ్య ఆగిపోతే గుండ్లు ఒక్కొక్కరినీ ఏరేస్తాయి. అదే బంకర్‌కు బాగా దగ్గరైతే, తనవాళ్లకే తగులుతాయని అవతలి ఫిరంగి వెనకాడుతుంది. ఆచార్య రిజర్వ్‌ను బయటికి తీశారు, దాన్ని స్వయంగా నడిపించారు. నిటారు బండ ఎక్కి, పాకుతూ బంకర్ దాకా చేరి గ్రెనేడ్లు విసిరారు.

అప్పటికే ఒళ్లంతా గాయాలు, కదల్లేరు. ఆఫీసర్ పడిపోతే జవాన్లు చుట్టూ చేరతారు, కిందికి మోసుకెళ్లాలని చూస్తారు. ఆ కొండ మీద ఒకరిని మోయాలంటే కనీసం నలుగురు కావాలి. ఆ నలుగురు తగ్గితే దాడి అక్కడితో సరి. తనను వదిలేసి శత్రువు మీదికి వెళ్లమని ఆర్డర్ ఇచ్చి, పడినచోటు నుంచే కాల్పులు సాగించారు. నన్నడిగితే గ్రెనేడ్ విసరడం కన్నా ఆ ఆర్డర్ ఇవ్వడమే కష్టం.

ఆవేశంలో అన్నమాట అనుకోలేం. తొమ్మిది రోజుల ముందు, వైమానిక దళంలో పనిచేసిన తండ్రికి రాసిన ఉత్తరంలో, ప్రాణనష్టం ఈ వృత్తిలో ఉండేదేనని, దిగులు పడొద్దని రాశారు. గర్భిణిగా ఉన్న భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమనీ కోరారు. లెక్క ముందే వేసుకున్న మనిషి.

ఆయన పడ్డాక దాడి ఆగలేదు. 22 ఏళ్ల కెప్టెన్ విజయంత్ థాపర్ మిగిలినవాళ్లతో ముందుకు కదిలాడు. ఆ రాత్రే అతనూ నేలకొరిగాడు. ఆచార్యకు మహావీర్ చక్ర, థాపర్‌కు వీర్ చక్ర తర్వాత వచ్చాయి. నోల్ మాత్రం ఆ పోరులోనే మన చేతికొచ్చింది.