బీదర్ సురంగ్ బావికి పూడిక తీస్తే సరిపోదు

బీదర్‌లోని నరసింహ ఝరణికి వెళ్లొచ్చిన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. చీకటి గుహలో ఛాతీ లోతు నీళ్లలో నడిచి వెళ్లి స్వామిని చూసి వస్తాం. ఎండాకాలంలోనూ ఆ నీళ్లు ఎక్కడివో అడిగేవాళ్లు తక్కువ. బీదర్ పీఠభూమికి పైన ఎర్రటి లాటరైట్ రాయి, కింద నల్లరాయి. లాటరైట్ నిండా సన్నటి బొరియలు. వాన నీళ్లు వాటిగుండా దిగి, నల్లరాయి తగలగానే ఆగి పక్కకు ఊరుతాయి. ఊరి బయట నౌబాద్ దగ్గర ఈ ఊటనే పట్టుకుని 15వ శతాబ్దంలో బహమనీలు నేల కింద కాలువ తవ్వి ఒక నీటి పథకం కట్టారు. పుస్తకాల్లో దాని పేరు కరేజ్. ఊళ్లోవాళ్లకు సురంగ్ బావి.

బహమనీ సుల్తాన్ అహ్మద్ షా వలీ గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. కోటకు మంచి చోటే, కానీ మంజీర ఎక్కడో కింద పారుతుంది. ఆ కాలంలో ఇరాన్‌తో రాకపోకలు ఎక్కువ. సుల్తాన్ ఆహ్వానం మీద కిర్మాన్ ప్రాంతపు సూఫీ గురువు షా నిమతుల్లా కుటుంబం బీదర్ వచ్చి స్థిరపడింది. కిర్మాన్ ఇలాంటి భూగర్భ కాలువల మీదే బతికిన ఎడారి ప్రాంతం. నీళ్ల విద్య వాళ్ల వెంటే వచ్చిందనుకోవడానికి గట్టి ఆధారమే అది.

పని చేసే తీరు తేలిక. మెరకలో ఊటను పట్టే ఒక తల్లి బావి, అక్కడి నుంచి కొద్దిపాటి వాలుతో సొరంగం. నౌబాద్‌లో దాని పొడవు సుమారు 3 కిలోమీటర్లు. దారి పొడవునా నిలువు బావులు. తవ్విన మట్టిని పైకి లాగింది వాటిలోంచే, లోపలికి గాలి ఆడేదీ, పూడిక తీయడానికి మనిషి దిగేదీ వాటిలోంచే. అంచున నిలబడి వంగి చూస్తే ఎర్రరాతి గోడల మీద ఉలి గాట్లు కనిపిస్తాయి, చల్లటి గాలి ముఖానికి కొడుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. వాలు ఒక్కటే నీటిని నడిపిస్తుంది.

గత పదేళ్లలో అధికారులు, స్థానిక యువకులు, చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లు కలిసి కొన్ని బావుల్లోని చెత్త పైకి తీశారు, పూడిక తీశారు. మళ్లీ నీరు కనిపించింది. ఆ పనికి చేతులెత్తి మొక్కాలి. నా టెన్షన్ అంతా సొరంగం గురించి కాదు, దాని నెత్తిన ఉన్న నేల గురించి. వాన ఇంకే మెరకలో ప్లాట్లు వేసి సిమెంటు పరిస్తే ఊట ఎక్కడిది? పక్కనే వందల అడుగుల బోర్లు దించితే సొరంగంలోకి చేరేదేముంటుంది? అప్పుడు మనం కాపాడేది ఖాళీ గొట్టాన్ని.

ఇలాంటి భూగర్భ కాలువలనే ఇరాన్‌లో కనాత్‌లంటారు. అక్కడి 11 కనాత్‌లను యునెస్కో 2016లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటి వెనక హరీమ్ అనే పాత కట్టుబాటు ఉంది. కాలువకు ఇరువైపులా ఫలానా దూరంలో ఇంకెవరూ కొత్త బావి తవ్వకూడదు. వందల ఏళ్లుగా తవ్వకం విద్యతో సమానంగా నిలిచిన నియమం ఇది. మనం సొరంగాన్ని కట్టడంగా చూస్తున్నాం, దాన్ని బతికించే నియమాన్ని మరిచిపోయాం.

తెలంగాణలో చెరువుల విషయంలోనూ చూశాం. పూడిక తీశాక కూడా, నీళ్లు తెచ్చే కాలువలు కబ్జా అయిన చోట చెరువు నిండలేదు.

అందుకే నౌబాద్‌లో ముందు కావలసింది టికెట్ కౌంటరూ రంగు దీపాలూ కాదు. తల్లి బావి నుంచి చివరి బావి దాకా సొరంగం ఏ సర్వే నంబర్ల కింద పోతోందో నేల మీద రాళ్లు పాతి గుర్తించాలి. ఆ గీతకు అటూ ఇటూ ఇన్ని మీటర్లలో బోరు వేయకూడదు, లేఅవుట్‌కు అనుమతి ఇవ్వకూడదు అని ఆ నంబర్ల పహాణీలోనే రాయాలి. ప్లాటు కొనేవాడికి అడ్వాన్స్ ఇవ్వకముందే ఆ సంగతి కనిపించాలి.