ఒక రౌండు వేసి రండి సార్

సైకిళ్ళ దుకాణంలో వినిపించే మాటలన్నిటిలోకీ అతి నిరపాయంగా తోచేది "ఒక రౌండు వేసి రండి సార్" అన్న మాట. ఆ మాట అనేవాడికి ఆ సైకిలు గుట్టంతా తెలుసు. వినేవాడికి ఏమీ తెలియకపోయినా, తెలియదని ఒప్పుకునే సమయం అప్పటికే దాటిపోయి ఉంటుంది. చిన్నప్పుడు నేర్చిన విద్య, ఎలా మరిచిపోతామన్న ధీమాతో వీధిలోకి దిగుతాడు. తొక్కడం మరిచిపోడు, నిజమే. కానీ తొక్కుతూ పరీక్షించడం వేరే విద్య అనీ, దాన్ని తనకెవరూ నేర్పలేదనీ మొదటి మలుపు దగ్గర గాని అతడికి తెలిసిరాదు.

మా బావగారు సైకిలు కొనాలని నిశ్చయించుకున్నప్పుడు నన్ను సలహాదారుగా వెంటబెట్టుకుని వెళ్ళారు. సలహాదారు చేయవలసింది సలహా ఇవ్వడం కాదనీ, కొనేవారు ముందే చేసుకున్న నిర్ణయానికి తల ఊపడమనీ ఎరిగినవాణ్ణి గనుక మారు మాట్లాడకుండా బయలుదేరాను. పరీక్షించకుండా ఏ వస్తువూ కొనే మనిషి కారాయన. గొడుగు కొనాలన్నా వాన వచ్చేదాకా ఆగే స్వభావం.

పరీక్ష బెల్లుతో మొదలైంది. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా, ఒకసారి దుకాణం అవతలి కొసకు నన్ను పంపి అక్కడికి వినిపిస్తోందో లేదో అడుగుతూ మోగించి చూశారు. తరువాత రెండు టైర్లనూ బొటనవేలితో నొక్కి, గంభీరంగా తల పంకించారు. టైరులో ఎంత గాలి ఉండాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది, బొటనవేలికి చదువు రాదు. అయినా సైకిలు కొనడానికి వచ్చి టైరు నొక్కకుండా వెళ్ళిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆపైన సైకిలును ఒంటి చేత్తో జానెడు ఎత్తి, "తేలిగ్గా ఉందోయ్!" అన్నారు. ఎక్కబోయే మనిషి సైకిలుకు అయిదారు రెట్లు తూగుతున్నప్పుడు అందులో ఒక కిలో తగ్గిందని సంబరపడటంలోని తమాషా నాకు తట్టకపోలేదు గాని, ఆయన నాకు బావగారు.

గేర్లను దుకాణం కుర్రాడే చూపించాడు. వెనక చక్రాన్ని గాలిలోకి ఎత్తి, చేత్తో పెడల్ తిప్పుతూ, మీట నొక్కుతూ ఉంటే చెయిన్ ఒక పళ్ళచక్రం మీదినుంచి మరొక దాని మీదికి చప్పుడు లేకుండా జరిగిపోయింది. జరగక ఏం చేస్తుంది? దాని మీద అప్పుడు ఎవరి బరువూ లేదు. ఎత్తు ఎక్కుతూ ఒంట్లోని బలమంతా పెడల్ మీద పెట్టిన క్షణాన అదే మీట నొక్కితే ఆ చెయిన్ ఏ భాషలో మాట్లాడుతుందో తెలియాలంటే, పరీక్షకు ఎత్తు ఉన్న దారి కావాలి. దుకాణాల ముందు వీధులు మాత్రం ఎప్పుడూ చదునుగానే ఉంటాయి.

అసలు వివాదం సీటు దగ్గర వచ్చింది. దుకాణంలో ఎక్కి చూడడానికి పెట్టిన సైకిలు సీటు ఎప్పుడూ అంతకుముందు ఎక్కి చూసినవారి ఎత్తులోనే ఉంటుంది. ఆ ముందరి మనిషి ఎవరో గాని పన్నెండేళ్ళు నిండినవాడిలా లేడు. కుర్రాడు సీటు పెంచి, మడమను పెడల్ మీద పెట్టమనీ, పెడల్ అడుగుకు చేరినప్పుడు కాలు నిటారుగా రావాలనీ, అప్పుడు ముందరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుందనీ చెప్పాడు. అతడు చెప్పినది అక్షరాలా సరైన పద్ధతి. బావగారు ససేమిరా అన్నారు. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలన్నది ఆయన పట్టు. ఆ కోరిక తీర్చగల వాహనాన్ని జర్మనీలో కార్ల్ డ్రైస్ అనే ఆయన 1817లోనే తయారుచేశాడు. దానికి పెడళ్ళే లేవు. రెండు చక్రాల మధ్య కూర్చుని నేలను కాళ్ళతో వెనక్కి తన్నుకుంటూ పోవడమే. తరువాత వచ్చిన ఎత్తు చక్రపు సైకిళ్ళలో పెడళ్ళు ముందు చక్రానికే బిగించి ఉండేవి గనుక, ఎవరి కాళ్ళు ఎంత పొడుగో అంత చక్రం కొనుక్కునేవారు, సీటు గొడవ ఉండేది కాదు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ చెయిన్‌తో వెనక చక్రాన్ని తిప్పే రోవర్ సైకిలును తెచ్చి, పొట్టివారికీ పొడుగువారికీ ఒకే కొలత చక్రాలు సరిపోయేలా చేశాడు. సీటు ఎంత ఎత్తులో ఉండాలన్న తగాదా అప్పటినుంచి ఇలా బావగార్ల దాకా వచ్చింది. కాసేపు వాదించుకున్నాక ఇద్దరికీ నచ్చని ఒక ఎత్తు దగ్గర రాజీ కుదిరింది.

ఈ రాజీ జరుగుతుండగా ఒక చిన్న విషయం ఎవరి దృష్టికీ రాలేదు. స్థలం కలిసివస్తుందని దుకాణాలలో కొత్త సైకిళ్ళ హ్యాండిళ్ళను ఫ్రేము వెంబడి పక్కకు తిప్పి, ఒకదాని నొకటి ఆనించి ఉంచుతారు. కొనేవారు రాగానే దాన్ని నేరుగా తిప్పి, ముందు ఫోర్కుకు పట్టి ఉంచే బోల్టును బిగిస్తారు. కుర్రాడు నేరుగా తిప్పాడు. బిగించడం మొదలుపెట్టాడు కూడా. అంతలో ఎవరో పంక్చరు వేయమని కేకేశారు.

"ఒక రౌండు వేసి రండి సార్" అన్నాడు యజమాని. బావగారు బెల్లు మోగించి బయలుదేరారు.

సైకిలు నేరుగా పోతున్నట్టు కనిపిస్తుందే గాని నిజానికి ఎప్పుడూ నేరుగా పోదు. అది ఎటు ఒరగబోతే అటు ముందు చక్రం రవ్వంత తిరిగి దాన్ని నిలబెడుతూ ఉంటుంది. అటు ఇటు జరిగే ఆ చిన్న చిన్న సర్దుబాట్లనే మనం తొక్కడం వచ్చు అని గర్వంగా చెప్పుకుంటాం. ఆ పాటి సర్దుబాట్లకు సగం బిగిన బోల్టు చాలు. అందుకే బావగారు వీధి పొడుగునా నిటారుగా, నిర్భయంగా, ఎదురుపడిన వారినందరినీ బెల్లుతో పలకరిస్తూ వెళ్ళారు. దుకాణం గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకే కాస్త ముచ్చట వేసింది. సీటు మెత్తగా ఉందని దూరం నుంచే సైగ చేశారు. మెత్తని సీటు గుణం అంతే. ఒక రౌండులో పరుపులా ఉండి, గంట తొక్కాక కూర్చునే ఎముకలను తనలోకి దించుకుని పగ తీర్చుకుంటుంది.

వీధి చివర వెనక్కి తిరగవలసి వచ్చింది. అక్కడ సర్దుబాటు చాలదు, హ్యాండిల్‌ను బాగా తిప్పాలి. బావగారు తిప్పారు. హ్యాండిల్ తిరిగింది. చక్రం తిరగలేదు.

ఆ క్షణంలో ఆయన ఆకారం చూడవలసిందే. చేతులూ భుజాలూ చూపూ కుడివైపు వీధిలోకి మళ్ళాయి. నడుమూ కాళ్ళూ సైకిలూ యథాప్రకారం ముందుకు సాగుతున్నాయి. ఎదురుగా వస్తున్న మోటారు సైకిలు మనిషి ఆయన చేతులను నమ్మి దారి ఇచ్చాడు గాని, ఆ ఇచ్చిన దారి ఈయనకు ఉపయోగపడలేదు. అదృష్టమేమంటే బ్రేకుకు బోల్టుతో పనిలేదు, తీగ ఉంటే చాలు. ఏ మీట ఏ చక్రాన్ని ఆపుతుందో అడిగి తెలుసుకోలేదు గనుక (కొన్ని దేశాలలో ముందు బ్రేకు కుడి చేతికి, కొన్నిటిలో ఎడమ చేతికి ఇస్తారు) రెండూ కలిపి నొక్కారు. వేగం దాదాపుగా తగ్గింది. ఆ మిగిలిన కాస్త వేగంతో ఎదుటి ఇంటి ఇనుప గేటు ఊచల మధ్యకు ముందు చక్రం మర్యాదగా దూరి ఆగింది. ఆ కుదుపుకు బెల్లు దానంతటదే ఒక్కసారి మోగింది.

బెల్లు విని లోపలినుంచి ఒక పెద్దాయన వచ్చారు. గేటు లోపలికి తెరిచారు. గేటుతోపాటు సైకిలూ, సైకిలుతోపాటు బావగారూ లోపలికి వెళ్ళారు.

"ఎవరు కావాలండీ?"

"ఎవరూ అక్కర్లేదండి. సైకిలు చూస్తున్నాం" అన్నారు బావగారు.

నేను పరుగున చేరేసరికి ఆయన రెండు పాదాలూ నేలకు ఆనించి, సీటు మీదనే స్థిరంగా కూర్చుని ఉన్నారు. దెబ్బ తగలలేదు. నన్ను చూడగానే, "చూశావా? కాళ్ళు అందాలని ఎందుకన్నానో ఇప్పుడైనా తెలిసిందా?" అన్నారు. ఆ కుర్రాడి వాదనంతా ఆ గేటులో ఓడిపోయింది.

చక్రాన్ని ఊచల మధ్యనుంచి ఇద్దరం కలిసి లాగాం. హ్యాండిల్‌ను సరిచేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు, అది సాక్ష్యమట, ముట్టుకోకూడదట. అందువల్ల ఎటో చూస్తున్న హ్యాండిల్‌తో, ఎటో పోయే చక్రంతో ఆ సైకిలును దుకాణం దాకా నడిపించుకుని వచ్చాం. ఒంకర హ్యాండిల్ పట్టుకుని సైకిలును నడిపించడం ఎంత కష్టమో చేసినవారికి తెలుస్తుంది. అది పది అడుగులకోసారి మోకాలి మీదికి వస్తుంది. దారిలో ప్రతివాడూ ఆపి, "పడ్డారా?" అని అడిగాడు. బావగారు ప్రతివాడికీ, "లేదు, ఆగాను" అని ఒకే సమాధానం చెప్పారు.

యజమాని సాక్ష్యాన్ని చూసి ఏమీ అనలేదు, కుర్రాడి వైపు మాత్రం చూశాడు. కుర్రాడు సైకిలుకు ఎదురుగా నిలబడి, ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, హ్యాండిల్‌ను నేరుగా తిప్పి, బోల్టును గట్టిగా బిగించి, మళ్ళీ తిప్పి చూశాడు. ఈసారి కదల్లేదు. అర నిమిషం కూడా పట్టని పని. "ఇప్పుడు వేసి రండి సార్ ఒక రౌండు" అన్నాడు.

బావగారు ముందు కుర్రాణ్ణి ఒక రౌండు వేసి రమ్మన్నారు. తరువాత యజమానిని పంపారు. ఆయన సైకిలు తొక్కి చాలా కాలమైందని ఆ వీధి మొత్తానికీ అర్థమైంది. ఆ తరువాత నన్ను పంపారు. చివరికి తానే చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించుకుని, ముఖం ఎర్రబడేదాకా హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పబోయి, తిరగకపోవడం చూసి తృప్తిపడి ఆ సైకిలునే కొన్నారు. కొత్తది మరొకటి తీసి ఇస్తామని యజమాని బతిమాలినా వినలేదు. దీని లోపం ఏమిటో తెలిసింది, మిగతావాటి లోపాలు ఇంకా బయటపడలేదు కదా అన్నది ఆయన తర్కం. దానికి జవాబు యజమాని దగ్గరా లేకపోయింది, నా దగ్గరా లేకపోయింది.

ఆ మోకాళ్ళ పరీక్ష మాత్రం ఆయనకు బాగా పట్టుబడింది. ఎక్కడ సైకిలు కనిపించినా ఎదురుగా నిలబడి, చక్రాన్ని బిగించుకుని, హ్యాండిల్‌ను వంచి చూడందే కదలరు. ఒక రోజు ఉత్తరం ఇవ్వడానికి వచ్చిన పోస్ట్‌మ్యాన్ ఇలా తిరిగేసరికి, గేటు దగ్గర తన సైకిలు ఎవరి మోకాళ్ళ మధ్యనో గింజుకుంటోంది. బోల్టు వదులుగా ఉందని బావగారు ఎంత చెప్పినా వినిపించుకోకుండా సైకిలు లాక్కుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఆయన ఉత్తరాలన్నీ పక్కింట్లో ఇచ్చి పోతున్నాడు.