డౌన్‌లోడ్ పట్టీ పైకెక్కితే సరిపోయిందా?

2023లో క్రోమ్ బ్రౌజర్ దించుకున్న ఫైళ్లు చూపించే డౌన్‌లోడ్ పట్టీని కింద నుంచి తీసి కుడివైపు పైకి చేర్చడం మంచి మార్పని మీ వ్యాసంలో రాశారు. చోటు కలిసొచ్చింది, కాదనను. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను, నా బాధ వేరు. ఒకే కంప్యూటర్‌లో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ పొద్దస్తమానం సర్టిఫికెట్లు దించుకుంటారు. అన్నిటికీ ఒకటే పేరు, చివర 1, 2, 3 అని అంకెలు. ఎవరిదేదో తెరిచి చూస్తే గానీ తెలీదు. సేవ్ చేసే ముందు ఎక్కడ, ఏ పేరుతో అని అడిగే సెట్టింగ్ ఉంది గానీ అది ఎక్కడో లోపల. ఆ డౌన్‌లోడ్ల జాబితాలోనే పేరు మార్చుకోనిస్తే ఏం పోయింది?

నెట్ తెగినప్పుడు ఇంకో టెన్షన్. ఆగిన చోటు నుంచి అందుకోవాలంటే అవతలి సర్వర్ (ఫైలు పంపే కంప్యూటర్) ఫైలును ముక్కలుగా ఇవ్వడానికి ఒప్పుకోవాలి, లేదంటే మళ్లీ మొదటికే. ఆ సంగతి బ్రౌజర్ మొదట్లోనే చెప్పొచ్చు కదా! 90 శాతం దగ్గర ఆగిపోతే కస్టమర్ తిట్టేది నన్నండీ, సర్వర్‌ని కాదు.

అసలు ముఖ్యమైనది మరిచాను. జాబితా మొత్తం క్లియర్ చేస్తే ఫైళ్లు కూడా పోయాయనుకుని జనం లేచి వెళ్లిపోతారు. వాళ్ల ఆధార్ కాపీలు ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి. రాత్రి షట్టర్ వేసేముందు నేనే కూర్చుని తుడుస్తున్నాను. 'ఫైలు కూడా తీసేయాలా?' అని అక్కడే ఒక బటన్ పెట్టండి.