సన్నగా ఉంటే షుగర్ రాదా? ఆ ఫార్వర్డ్ మెసేజీకి జవాబు

ఫ్యామిలీ గ్రూపుల్లో ఏళ్ల తరబడి వేషాలు మార్చుకుంటూ తిరుగుతున్న మెసేజీ ఒకటుంది. అందులో చెప్పేది ఇదీ: షుగర్ లావుపాటి వాళ్ల జబ్బు, సన్నగా ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. వచ్చిందంటే స్వీట్లు ఎక్కువ తిన్నందువల్లే. పంచదార బదులు బెల్లం, తెల్లన్నం బదులు చపాతీలో కొర్రలో తింటే 3 నెలల్లో రివర్స్ అయిపోతుంది, మాత్రలు అవతల పారేయొచ్చు. ‘పది మందికీ పంపండి’ అనేది మామూలే. ఇందులో పచ్చి అబద్ధాలకన్నా సగం నిజాలే ఎక్కువ. బాగా చదువుకున్నవాళ్లు కూడా పంపడానికి కారణం అదే. నేను మాట్లాడేది పెద్దయ్యాక వచ్చే టైప్ 2 షుగర్ గురించి.

“లావుగా ఉన్నవాళ్లకే వస్తుంది, సన్నగా ఉంటే భయం లేదు”

లావుకూ షుగర్‌కూ సంబంధం ఉంది, గట్టిగానే ఉంది. పేచీ అంతా రెండో సగంతోనే.

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది. ఒకాయన లండన్‌లో పనిచేసే జాన్ యుడ్కిన్, రెండో ఆయన పుణె కేఈఎం ఆసుపత్రికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అంటే బీఎంఐ, ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. కాటా మీద ఒకేలా తూగే ఇద్దరిలో మనవాడి ఒంట్లో కొవ్వు రెట్టింపు కన్నా ఎక్కువ.

ఇద్దరి ఫొటోతో ఏం తేలుతుందంటారా? షుగర్ అంచున ఉన్నవాళ్ల మీద చేసిన రెండు పెద్ద పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూడండి. అమెరికాలో 2002లో వచ్చిన దాంట్లో సగటు బీఎంఐ 34, అంటే భారీ శరీరాలు. ప్రత్యేక శిక్షణ గానీ మందు గానీ లేని గుంపులో 3 ఏళ్లలో షుగర్‌లోకి జారినవాళ్లు దాదాపు 29 శాతం. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసి 2006లో అచ్చువేసిన దాంట్లో సగటు బీఎంఐ 25.8 మాత్రమే. అలాంటి గుంపులోనే 3 ఏళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. మనం సన్నగా ఉండి కూడా వాళ్లకంటే వేగంగా జారుతున్నాం.

ఎందుకని? ఇంగ్లాండ్‌లోని న్యూకాసిల్‌లో ప్రొఫెసర్ రాయ్ టేలర్ ఏళ్లపాటు ఎమ్మారై స్కాన్లతో వెతికింది ఇదే. చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు ఒక్కొక్కరికి ఒక్కో సైజు ట్యాంకు లాంటిది. అది నిండాక మిగిలింది కాలేయంలోకి, అక్కడినుంచి ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌లోకి చేరుతుంది. కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది, పాంక్రియాస్ నీరసిస్తుంది. ఒకరికి 110 కిలోల దాకా ఏమీ కాదు, ఇంకొకరికి 68 కిలోలకే ట్యాంకు పొంగుతుంది.

అందుకని పక్కింటాయన బరువుతో పోల్చుకోవడం దండగ. మీ పాతికేళ్లప్పటి బరువుతో పోల్చుకోండి. 5 అడుగుల 8 అంగుళాల మనిషి కాలేజీలో 58 కిలోలు, నలభై దాటాక 70 కిలోలు అనుకుందాం. బంధువులు ఇంకా ‘ఏమయ్యా, సరిగ్గా తింటున్నావా’ అనే అడుగుతుంటారు. ఒంటికి మాత్రం 12 కిలోలు కొత్తగా వచ్చి చేరాయి, అందులో ఎక్కువ భాగం నడుం చుట్టూనే. మన దేశంలో డాక్టర్లు బీఎంఐ 23 దాటగానే అధిక బరువు అంటారు. నడుం మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. టేపుతోనే కొలవండి, ప్యాంటు సైజు నమ్మొద్దు. బొజ్జ కిందకి దించి కట్టుకుంటే ఇరవై ఏళ్లయినా అదే సైజు పడుతుంది!

ఇంకో రకం సన్నవాళ్లు ఉన్నారు. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు పడిపోతూ, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం వస్తుంటే అది టైప్ 2 కాకపోవచ్చు. ఒంట్లో ఇన్సులిన్ తయారీయే దాదాపు ఆగిపోయే టైప్ 1 పెద్దవాళ్లకూ వస్తుంది, దానికి ఇన్సులిన్ తప్పనిసరి. డైట్ మార్చి చూద్దామని వాయిదా వేయడం ప్రమాదం.

“స్వీట్లు తినడం వల్లే వస్తుంది”

కూల్‌డ్రింకులు, తీపి జ్యూసులు రోజూ తాగితే ముప్పు పెరుగుతుంది, నిజమే. స్వీటు ముట్టనివాళ్లకూ వస్తోంది, అదీ నిజమే. అవసరానికి మించి తిన్నది అన్నమైనా, మిర్చిబజ్జీ అయినా చివరికి చేరేది ఆ ట్యాంకులోకే. వంశంలో ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. ‘నేను స్వీట్లే తినను’ అని టెస్టు చేయించుకోకుండా కూర్చోవడమే ఈ మాట చేసే అసలు నష్టం.

“బెల్లం, చపాతీ, కొర్రలకు మారితే చాలు”

బెల్లం సంగతి ఒక్క మాటలో: అందులో ఉన్నది కూడా ప్రధానంగా పంచదారే. రంగు చూసి మోసపోవద్దు.

మన ఇళ్లలో అసలు గొడవ రాత్రి భోజనం దగ్గర. ‘రాత్రి అన్నం మానేశానండీ, టిఫినే’ అని గర్వంగా చెప్తారు. ఆ టిఫిన్ ఏమిటని చూస్తే నాలుగు చపాతీలు, బంగాళాదుంప కూర. ఒక్కో చపాతీకి 30 గ్రాముల పిండి వేసుకున్నా నాలుగింటికి పిండిపదార్థం 80 గ్రాముల చుట్టూ తేలుతుంది. 300 గ్రాముల వండిన అన్నంలోనూ ఇంచుమించు అంతే. పైగా బంగాళాదుంప! ఉప్మా అయితే అది అచ్చంగా గోధుమ రవ్వ. పెసరట్టు మంచిదే, దాని కడుపులో ఉప్మా పెట్టకపోతే. కొర్రల్లో పీచు ఎక్కువన్నది నిజం, కానీ వంద గ్రాముల కొర్రల్లోనూ 60 గ్రాములకు పైగా ఉన్నది పిండిపదార్థమే. ‘మిల్లెట్లే కదా’ అని రెండోసారి వడ్డించుకుంటే లెక్క మొదటికొచ్చినట్టే.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్తంగా 18,000 మందికి పైగా పెద్దవాళ్ల తిండి లెక్కలు తీసి 2025లో ప్రచురించింది. మన కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. తెల్లబియ్యం తీసేసి గోధుమ పిండో మిల్లెట్ పిండో పెట్టి, మొత్తం పిండిపదార్థాన్ని అలాగే ఉంచినవాళ్లకు ముప్పు తగ్గిన దాఖలా కనిపించలేదు. అందులో కొంత తగ్గించి ఆ చోట పప్పులు, పాలు, పెరుగు లాంటి ప్రొటీన్ తిన్నవాళ్లకు తక్కువగా కనిపించింది. ఇది ఒక్కసారి తీసిన సర్వే, ఇదే కారణమని తేల్చదు. అయినా దారి ఎటో చెప్తుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనూ ధాన్యాల వాటా కేలరీల్లో 45 శాతం మించొద్దనే ఉంది. అంటే అన్నం మానక్కర్లేదు. కంచంలో అన్నం కుప్ప చిన్నది కావాలి, పప్పు గరిటె పెద్దది కావాలి.

“3 నెలల్లో రివర్స్”

మెసేజీలో అన్నిటికంటే నిజానికి దగ్గరగా ఉన్నది ఇదే, చెప్పిన పద్ధతే తప్పు. బ్రిటన్‌లో 306 మందితో డైరెక్ట్ అనే ట్రయల్ జరిగింది. సగం మందికి 3 నుంచి 5 నెలలు రోజుకు సుమారు 850 కేలరీల సూపులు, షేకులే ఆహారం. ఏడాదికి వాళ్లలో 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలోనైతే 86 శాతం. రెండేళ్లకు ఆ 46 కాస్తా 36 అయింది, బరువు తిరిగొస్తే షుగరూ తిరిగొస్తుంది కాబట్టి. అందులో చేరినవాళ్లంతా జబ్బు బయటపడి ఆరేళ్ల లోపువాళ్లు, ఇన్సులిన్ వాడనివాళ్లు.

సన్నవాళ్ల మాటేమిటి? టేలర్ బృందమే బీఎంఐ 27 లోపున్న 20 మందితో ప్రయత్నిస్తే 14 మందికి ఫలితం కనిపించింది. అందుకు బరువులో పదో వంతు, ఆ కాస్త అటూఇటూ తగ్గితే సరిపోయింది. అయితే అది 20 మంది మీద చేసిన చిన్న అధ్యయనం. చెన్నై పరిశోధనలో ఇంకో విశేషం ఉంది. తిండి సర్దుకుని నడక పెంచినవాళ్లకు సగటున బరువు పెద్దగా తగ్గకపోయినా, షుగర్‌లోకి జారే ముప్పు 28.5 శాతం తగ్గింది. కాటా కదల్లేదని నడక మానేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

“మాత్రలు పారేయండి”

డైరెక్ట్‌లో షుగర్ మాత్రలు మొదటి రోజే ఆపేశారు, నిజమే. ఆపింది వైద్య బృందం, తర్వాత క్రమం తప్పకుండా చూసుకున్నదీ వాళ్లే. ఇంట్లో జరిగేది దీనికి తలకిందులు. కొందరు మాత్ర మానేసి తిండి అలాగే ఉంచుతారు. ఇంకొందరు ఉన్నట్టుండి తిండి సగం చేసి గ్లిమిపిరైడ్ మాత్రో ఇన్సులినో అదే మోతాదులో వేసుకుంటారు. అప్పుడు షుగర్ పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికి, స్పృహ తప్పొచ్చు. తిండి తగ్గించే ముందే డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్పించుకోవాలి. తగ్గిందని ఎప్పుడనుకోవచ్చంటే, మందులు ఆపిన 3 నెలల తర్వాత కూడా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) 6.5 శాతం కన్నా తక్కువ ఉన్నప్పుడు. ఆ తర్వాత కూడా ఏడాదికోసారి ఆ టెస్టూ, కళ్లూ, కిడ్నీలూ చూపించుకుంటూనే ఉండాలి.