ముక్కు కణితుల రిపోర్టులో శాతం కంటే పేరు ముఖ్యం

ముక్కులో కండ పెరిగిందని వరంగల్‌లో ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామందిది మామూలు పాలిప్, అంటే క్యాన్సర్ కాని కండ. ఒక పక్క మాత్రమే మూసుకుపోయి, నెత్తురు పడుతుంటే మాత్రం ముక్క పరీక్ష (బయాప్సీ) తప్పదు. ఆ రిపోర్టులో ‘కేఐ-67: 40 శాతం’ అని కనబడగానే బంధువులు, అప్పుడప్పుడు వైద్యులూ దాన్నే తీర్పుగా తీసుకుంటున్నారు. నిజానికి అది చెప్పేది విభజన చెందుతున్న కణాల వాటా ఒక్కటే. అదీ స్లైడులో ఏ భాగాన్ని లెక్కించారన్న దాన్నిబట్టి మారుతుంది. తల, మెడ క్యాన్సర్లలో ముక్కు, సైనస్‌లవి 3 నుంచి 5 శాతమే, అవి మళ్లీ ఎన్నో రకాలు కనుక, ఏ శాతం దాటితే ప్రమాదమో గట్టిగా గీత గీయడానికి చాలినంత సమాచారం పోగుపడడం కష్టం.

అందుకే వేగాన్ని కొలిచే గుర్తుల కంటే కణితి పేరు తేల్చే గుర్తులే ముందు అడగాలని నా అభిప్రాయం. మైక్రోస్కోపు కింద అన్నీ ఒకేలా ఉండి, ఏ రకం కణజాలానివో పోల్చుకోలేని కణాల్లో, సగానికి పైగా కేంద్రకాలకు నట్ అనే ప్రొటీన్‌ను పట్టే యాంటీబాడీ రంగు పడితే అది నట్ కార్సినోమా అనే క్యాన్సర్. జన్యు పరీక్ష లేకుండానే నిర్ధారణ చేయవచ్చు, ఏడాదిలోపే ప్రాణం తీసే అవకాశం ఎక్కువ కనుక చికిత్సకు తొందరపడవచ్చు. మామూలు కణాల్లో ఉండే ఐఎన్ఐ-1 అనే ప్రొటీన్ సంగతి దీనికి తలకిందులు: అక్కడ రంగు పడకపోవడమే రోగానికి గుర్తు. అయితే పక్కనున్న రక్తనాళాల కణాలకు రంగు పడి, కణితి కణాలకు పడకపోతేనే ఆ మాటకు విలువ. ముక్కను చెడకుండా ఉంచే ద్రవమైన ఫార్మలిన్‌లో ఆలస్యంగా వేస్తే రెంటికీ రంగు పడకపోవచ్చు, అప్పుడు తప్పింది పరీక్షే.

సైనస్ ముక్కల్లో ఎముక చెక్కలు కలిసి వస్తాయి. వాటిని మెత్తబరచడానికి గాఢమైన ఆమ్లం వాడితే డీఎన్ఏ దెబ్బతిని, ఐడీహెచ్2 వంటి జన్యువుల్లో మార్పుల పరీక్షకు ఆ దిమ్మె (ముక్కను మైనంలో పొదిగిన గడ్డ) పనికిరాకుండా పోతుంది. మెత్తని కండను ముందే వేరుచేసి ఉంచడానికి ఖర్చేమీ లేదు. రోగి వృత్తిని చీటీలో రాయడానికీ ఖర్చు లేదు: కట్టెపొడి ముక్కు క్యాన్సర్ కారకమని ఎప్పుడో తేలింది, సామిల్లులో పనిచేసే వ్యక్తి అని తెలిస్తే ల్యాబ్ డాక్టరు పేగు తరహా అడెనోకార్సినోమాను (గ్రంథి కణాల క్యాన్సర్‌ను) పట్టించే సీడీఎక్స్2 అనే గుర్తు వైపు వెంటనే చూస్తారు.

ములుగు, భూపాలపల్లి వంటి చోట్ల ఖరీదైన యంత్రాల కంటే ముందు కావలసింది ఈ క్రమశిక్షణే. నట్, ఐఎన్ఐ-1 పరీక్షలు వరంగల్‌లోనే జరగాలి. జన్యు పరీక్ష అవసరమైన దిమ్మెలు మాత్రం, ముక్కను ఫార్మలిన్‌లో వేసిన సమయం రాసిన చీటీతో సహా హైదరాబాద్ వెళ్లాలి.